బోరు నీటిలో కరిగిపోయిన యూరియా బస్తా

విశాఖపట్నం దగ్గర ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పల్లెల్లో బోరు నీళ్ల గురించి ఎవరిని అడిగినా రుచితోనే మొదలుపెడతారు. ఇవి చప్పగా ఉంటాయి, అవి కొంచెం ఉప్పన, ఆ వీధి బోరు నీళ్లతో పప్పు ఉడకదు, ఈ బోరు నీళ్లు పడితే గిన్నెలకు గార కడుతుంది. తరతరాలుగా మన నాలుక చేస్తున్న పరీక్ష ఇది. ఉప్పునీ, గట్టిదనాన్నీ, ఇనుమునీ బాగానే పట్టుకుంటుంది. కానీ పొలంలో చల్లిన యూరియా నేలలోకి దిగి, నైట్రేటుగా మారి ఆ నీటిలో కలిస్తే నాలుకకు తెలియదు. రంగు రాదు, వాసన రాదు, పప్పు చక్కగా ఉడుకుతుంది. ఊరంతా మెచ్చుకునే తియ్యటి నూతిలోనే పరిమితికి రెట్టింపు నైట్రేటు ఉండొచ్చు.

నేను విశాఖపట్నంలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. మా నాన్నగారి వైపు బంధువులు పద్మనాభం మండలంలో కూరగాయలు, పూలు పండిస్తారు. ఊరు వెళ్లినప్పుడల్లా బ్యాగులో నైట్రేటు పరీక్ష పట్టీలు పెట్టుకెళ్లడం నాకు అలవాటైపోయింది. అక్కడ చూసినవి, చదివినవి, మా చిన్నాన్నతో వాదించినవి కలిపి ఇది రాస్తున్నాను. వ్యవసాయ రసాయనాలతో పాడైన భూగర్భ జలాన్ని ప్లాంటు పెట్టి, ఫిల్టరు చేసి బాగు చేసుకోవచ్చన్న నమ్మకం మనల్ని తప్పుదారి పట్టిస్తోందని నా వాదన. ఆ నీటిని నిజంగా బాగు చేయగలిగిన చోటు పొలమే. ఆ పని రైతు చేయాలి, అందుకయ్యే ఖర్చులో పెద్ద వాటా దిగువన ఆ నీళ్లు తాగే నగరం పెట్టుకోవాలి. వీటన్నిటికంటే ముందు, ఏ ఊరి నూతిలో ఎంత ఉందో ఆ ఊరివాళ్లకు తెలియాలి.

తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు. చాలా పదార్థాలకు, వేరే నీటి వనరు లేకపోతే ఇంతవరకూ ఫర్వాలేదని రెండో అంకె ఒకటి ఇస్తారు. నైట్రేటుకు ఆ సడలింపు లేదు. కారణం పసిపిల్లలు. ఆరు నెలల లోపు బిడ్డ కడుపులో నైట్రేటు నైట్రైటుగా మారి, రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. బిడ్డ పెదవులు, గోళ్లు నీలం తిరుగుతాయి. 1945లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో హంటర్ కామ్లీ అనే డాక్టరు, పొలాల మధ్య ఉన్న నూతుల నీళ్లతో కలిపిన పాలు తాగిన పిల్లల్లో దీన్ని గుర్తించి లోకానికి చెప్పాడు. మన ఇళ్లలో బిడ్డకు పట్టే నీళ్లు తప్పకుండా మరిగిస్తాం. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. నైట్రేటు ఎక్కడికీ పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పల్లెల్లో పసిబిడ్డల తల్లులకు నేను మొట్టమొదట చెప్పే విషయం ఇదే. మరిగించడం మానమని కాదు, పాలపొడి కలపడానికి వేరే నీళ్లు చూసుకోమని.

పెద్దవాళ్లకు ఏమీ కాదనుకోవడం కూడా సరికాదు. డెన్మార్క్‌లో 27 లక్షల మంది పెద్దల తాగునీటి లెక్కలూ ఆరోగ్య లెక్కలూ జతచేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, మన పరిమితి కంటే చాలా తక్కువ నైట్రేటు ఉన్న నీటితోనే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతున్నట్టు కనిపించింది. 45 అనేది పసిపిల్లల కోసం గీసిన గీత. జీవితమంతా ఆ నీళ్లే తాగేవాళ్ల కోసం గీసింది కాదు.

ఇక మన పరిస్థితి. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశమంతటా తీసిన నమూనాల్లో దాదాపు 20 శాతం ఈ గీత దాటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా 23 శాతం పైనే. అంటే రాష్ట్రంలో పరీక్షించిన ప్రతి నాలుగైదు చోట్లలో ఒకటి.

మన వైపు నేల తీరు కూడా దీనికి దారి ఇస్తుంది. తూర్పు కనుమల కొండల అడుగున ఖోండలైటు, చార్నొకైటు రాళ్లు. వాటి పైభాగం శిథిలమై ఎర్రమట్టిగా, మొరంగా మారింది. వాననీరు ఆ మొరంలోంచి దిగి కింది రాతి పగుళ్లలో నిలుస్తుంది. మన నూతులూ బోర్లూ తోడేది ఆ నీటినే. ఎర్ర నేలలో నీరు త్వరగా ఇంకుతుంది. వాన గట్టిగా పడితే నూతిలో మట్టం త్వరలోనే పైకొస్తుంది. నీరు వచ్చిన దారినే నైట్రేటూ వస్తుంది. యూరియా చల్లిన కొద్ది రోజులకే అమ్మోనియంగా మారుతుంది. దానికి ధనావేశం ఉంటుంది కాబట్టి మట్టి రేణువులు దాన్ని పట్టి ఉంచుతాయి. తర్వాత రెండు మూడు వారాల్లో నేలలోని బాక్టీరియా దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటుది రుణావేశం, మట్టి రేణువులదీ ఎక్కువగా అదే, అందుకని మట్టి దాన్ని పట్టుకోదు. వేళ్లు అందుకున్నంత అందుకుంటాయి, మిగిలింది తర్వాతి వానకో తర్వాతి తడికో కిందికి జారుతుంది.

వరి మడిలో ఈ నష్టం కొంత తక్కువ. నీరు నిలిచిన నేలలో గాలి ఆడదు. అలాంటి చోట బతికే బాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. కూరగాయల మడుల్లో, పూల తోటల్లో అలా కుదరదు. నేల తడుస్తూ ఆరుతూ ఉంటుంది, ఏడాది పొడవునా బోరు నడుస్తుంది, కోతకోతకీ పైఎరువు పడుతుంది. ఆనందపురం పూల మార్కెట్టుకు వచ్చే బంతి, చామంతి, కనకాంబరం, మన రైతుబజార్లకు వచ్చే వంకాయ, బెండ, ఆకుకూరలు ఇలాంటి నేలల్లోంచే వస్తాయి. ఇవన్నీ ఆకు పచ్చగా, పువ్వు నిండుగా ఉంటేనే ధర పలికే పంటలు. యూరియా అవసరం ఎక్కడ ఎక్కువగా అనిపిస్తుందో, నేల దాన్ని నిలుపుకోలేనిది సరిగ్గా అక్కడే.

ఒక బస్తా లెక్క చూద్దాం. యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే దాదాపు 21 కిలోలు. అదంతా నైట్రేటుగా మారితే 92 కిలోల దాకా అవుతుంది. స్వచ్ఛమైన 20 లక్షల లీటర్ల నీటిలో దాన్ని కలిపితే, ఆ నీరంతా సరిగ్గా 45 పరిమితికి చేరుతుంది. ఎకరం పొలంలో అర మీటరు లోతున నిలబడేంత నీరు అది. బస్తా మొత్తం కిందికి పోదన్న మాట నిజమే. కానీ పంట వాడుకునేది కూడా సగానికి తక్కువే చాలా చోట్ల. మిగిలిన దాంట్లో కొంత గాలిలో కలుస్తుంది, కొంత నేలలో ఉంటుంది, కొంత నూతికి చేరుతుంది. ఏటా ఎన్నో ఎకరాల మీద, ఎన్నో బస్తాల నుంచి చేరుతుంది.

రైతు ఎందుకు ఎక్కువ వేస్తాడన్న ప్రశ్నకు జవాబు బస్తా మీదే రాసి ఉంది. 45 కిలోల యూరియా 266 రూపాయల 50 పైసలు. భాస్వరం కోసం వేసే డీఏపీ 50 కిలోలు 1,350 రూపాయలు. 2010లో పోషకాల ఆధారంగా సబ్సిడీ ఇచ్చే పద్ధతి తెచ్చినప్పుడు యూరియాను అందులో చేర్చలేదు. భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలు పెరిగాయి, యూరియా అక్కడే నిలిచింది. చేతిలో డబ్బు తక్కువున్న మనిషి ఏది చౌకో అదే వేస్తాడు. 2015 నుంచి యూరియాకంతా వేపనూనె పూత తప్పనిసరి చేశారు. ఆ పూత నైట్రేటుగా మారే వేగాన్ని తగ్గిస్తుంది, మంచిదే. కానీ ఎన్ని బస్తాలు వేస్తున్నామన్నది దాంతో మారదు.

మా చిన్నాన్నతో ఈ మాట ఎత్తితే ఆయనకు కోపం వచ్చింది. "ఏటమ్మా, నీ చదువుకి నేనే దొరికానా? పట్నంలో మీరు పురుగు పట్టిన వంకాయ కొంటారా? రంగు తగ్గిన చామంతి కొంటారా?" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది. కూర చౌకగా, నిగనిగలాడుతూ కావాలన్నది మేం. బస్తా ధర తగ్గించి ఉంచింది ప్రభుత్వం. ఎక్కువ పండించమని దశాబ్దాలుగా చెప్పిందీ ప్రభుత్వమే. ఇప్పుడు నూతిలో నైట్రేటు కనిపించగానే వేలు రైతు వైపు చూపించడం అన్యాయం. ఇది ఆయన మీద అభిమానంతో అనడం లేదు. ముందు ముందు ఈ పని జరగాలంటే రైతుతో గొడవ పెట్టుకుని జరగదు.

ఇంకో సంగతి. నూతిలో ఉన్న నైట్రేటంతా యూరియా నుంచే వచ్చిందని ఎవరూ కళ్లు మూసుకుని చెప్పకూడదు. పశువుల శాల నూతి పక్కనే ఉంటే, గత్తం (పశువుల ఎరువు) కుప్ప గట్టుకు ఆనుకుని ఉంటే, మరుగుదొడ్డి గుంత బోరుకు నాలుగు అడుగుల దూరంలో ఉంటే అక్కడి నుంచీ నైట్రేటే దిగుతుంది. నగర శివార్లలో ఇది ఇంకా చిక్కు. నిన్నటిదాకా పొలాలుగా ఉన్నచోట లేఅవుట్లు పడ్డాయి, భూగర్భ డ్రైనేజీ రాకముందే ఇళ్లు లేచాయి, ప్రతి ఇంటికీ ఒక సెప్టిక్ ట్యాంకు, ఒక బోరు. మూలం తెలుసుకోవడానికి సైన్సులో దారులున్నాయి. నైట్రేటులోని నత్రజని, ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) నిష్పత్తి ఎరువుకు ఒకలా, మలమూత్రాలకు ఇంకోలా ఉంటుంది. అంత ఖరీదైన పరీక్ష ప్రతి నూతికీ అక్కర్లేదు. మలమూత్రాల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి నైట్రేటుతో పాటు ఆ ఉప్పులోని క్లోరైడు కొలిచి, నూతి చుట్టూ ఏమేం ఉన్నాయో చూసి రాసుకుంటే చాలా ఊళ్లలో సంగతి అర్థమవుతుంది. పొలాల నడుమ, ఇళ్లకు దూరంగా ఉన్న బోరులో నైట్రేటు ఎక్కువగా, క్లోరైడు తక్కువగా ఉంటే అనుమానం ఎరువు మీదకే పోతుంది. రామాలయం వీధి నూతిలో రెండూ ఎక్కువగా ఉంటే ముందు మరుగుదొడ్ల గుంతలు చూడాలి.

కొలత దగ్గరే మనం బాగా వెనకబడ్డాం. రాష్ట్ర భూగర్భ జల శాఖ బోర్లలో నీటి మట్టాన్ని తనంతట తానే కొలిచి పంపే పరికరాలు ఉన్నాయి. మట్టం చెప్పడానికి ఒక పరికరం వేలాడదీస్తే సరిపోతుంది. నైట్రేటుకు మనిషి వెళ్లాలి, నీళ్లు పట్టాలి, చల్లగా ఉంచి ల్యాబుకు చేర్చాలి. అందుకే మట్టం మీద మన దగ్గర కావలసినంత సమాచారం ఉంది, నాణ్యత మీద చాలా తక్కువ. ప్రభుత్వ పరిశీలన బావులు ప్రాంతం మొత్తం తీరు చెప్పడానికి పెట్టినవి. వాటిలో ఒకటి బాగుందంటే పక్క ఊరి నూయి బాగుందని కాదు. రాతి పగుళ్లలో నీరు తిరిగే చోట, వంద గజాల దూరంలో రెండు బోర్ల నీళ్లు వేరువేరుగా ఉండడం మామూలే.

తీసే పద్ధతిలో కూడా తేడా వస్తుంది. చాలాసేపు ఆగి ఉన్న బోరు మోటారు వేసి మొదటి బిందె నీళ్లు సీసాలో పట్టేస్తే, అది గొట్టంలో నిలవున్న నీరు. కొంతసేపు నడిపి, నీటి వాహకత (కరిగిన లవణాలను బట్టి కరెంటు ప్రవహించే తీరు) నిలకడగా వచ్చాక పట్టాలి. నేల నూయికి, రెండు వందల అడుగుల బోరుకు తేడా రాసుకోవాలి. నైట్రేటు ముందు పైపొరలకే చేరుతుంది, నూతుల్లో ముందు కనిపిస్తుంది. ఇక కాలం. మే నెలలో ఒకసారి తీసి ఊరుకుంటే సగం కథే తెలుస్తుంది. వేసవిలో నేలలో పేరుకున్నది నైరుతి వానలకూ, అక్టోబరు తుపానులకూ కరిగి దిగుతుంది. వానలకు ముందు ఒకసారి, వానలు వెలిశాక నవంబరులో ఒకసారి, అదే బోరులో, అదే పద్ధతిలో తీస్తేనే ఏడాదికేడాదికీ పోలిక కుదురుతుంది.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు ఫీల్డు కిట్లతో నీటి పరీక్ష నేర్పించాలని పెట్టారు. ఆ కిట్లలో నైట్రేటు పరీక్ష ఉంది. ఇది నాకు ఎంతో నచ్చిన ఆలోచన. ఎందుకంటే పరీక్ష చేసే మనిషి ఆ నీళ్లే తాగుతుంది, ఆ నీళ్లతోనే పిల్లలకు వండుతుంది. అయితే ఆ కిట్టు తాగునీటి కుళాయి దగ్గరే ఆగిపోకూడదు. ఊరి పొలాల్లో ఓ పది సాగు బోర్లకు కూడా దాన్ని వాడాలి. వచ్చిన అంకెలు పోర్టల్లోకి ఎక్కించి ఊరుకోకుండా రైతు సేవా కేంద్రం గోడ మీద బోరు వారీగా, తేదీతో సహా పెయింటుతో రాయాలి. పేరు అక్కర్లేదు, చోటు చాలు. ఎరువు కొనడానికి వచ్చే రైతు బస్తా ఎత్తుకునే ముందు తన బోరు అంకె చూడాలి. దాని ఉపయోగం ఏమిటో తర్వాత చెబుతాను.

పురుగు మందులు, కలుపు మందుల కొలత ఇంకా కష్టం. తాగునీటిలో అట్రజిన్ అనే కలుపు మందుకు మన పరిమితి లీటరుకు 2 మైక్రోగ్రాములు. అంటే కిలో మందు 50 కోట్ల లీటర్ల నీటిని పరిమితికి తేగలదు. అంత సూక్ష్మమైన మోతాదు ఊళ్లకు ఇచ్చే ఆ కిట్లకు అందదు, గ్యాస్ క్రొమటోగ్రాఫ్ లాంటి యంత్రాలున్న ల్యాబు కావాలి. చెరకులో, మొక్కజొన్నలో వాడే మందు కాబట్టి అనకాపల్లి వైపు వాళ్లకు ఇది కొత్త పేరు కాదు. ఐరోపా దేశాలు దీన్ని 2004 ప్రాంతంలోనే ఆపేసినా, అక్కడి భూగర్భ జలాల్లో దాని అవశేషాలు ఏళ్ల తరబడి కనిపిస్తూనే వచ్చాయి. పైమట్టిలో ఎండకూ సూక్ష్మజీవులకూ విరిగిపోయే మందు, ఒక్కసారి చీకట్లోకి, ఆహారం లేని లోతుల్లోకి దిగాక చాలా నెమ్మదిగా విరుగుతుంది.

ప్రతి బోరుకూ వందల మందుల పరీక్ష చేయించే స్తోమత మనకు లేదు. నా మట్టుకు నాకు తోచిన దారి ఒకటుంది. మందుల దుకాణాలకు స్టాకు రిజిస్టరు తప్పనిసరి. ఒక మండలంలో గత రెండేళ్లలో ఏ మందులు ఎక్కువ అమ్ముడయ్యాయో ఆ రిజిస్టర్లలో ఉంటుంది. వాటిలో నీటిలో తేలిగ్గా కరిగేవి, త్వరగా విరగనివి ఏవో వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పగలరు. ఆ నాలుగైదింటికే పరీక్ష చేయిస్తే ఖర్చు అందుబాటులోకి వస్తుంది. ఖర్చే లేని పని ఇంకోటుంది. మందు కలపడం, స్ప్రేయరు కడగడం, ఖాళీ డబ్బాలు పడేయడం నూతి గట్టు మీద చేయకపోవడం. నీళ్లు దగ్గర్లో ఉంటాయని అక్కడే చేస్తారు. గట్టు పగిలి ఉంటే, బోరు గొట్టం చుట్టూ సిమెంటు లేకపోతే, పొలమంతా చల్లినదానికంటే ఆ కడుగు నీళ్లే నేరుగా కిందికి పోతాయి.

సరే, కొలిచాం, ఉందని తేలింది. ఎలా తీయాలి? ఇక్కడే అందరూ ఆర్వో ప్లాంటు అంటారు. ఆర్వో పొర నైట్రేటును చాలావరకు ఆపుతుంది, నిజమే. కొవ్వొత్తి ఫిల్టరు ఆపదు, యూవీ దీపం మాత్రమే ఉన్న ప్యూరిఫయరు ఆపదు, ఇది కొనేవాళ్లకు చెప్పాల్సిన విషయం. మందుల అవశేషాలకైతే యాక్టివేటెడ్ కార్బన్ బాగా పనిచేస్తుంది. పసిబిడ్డ ఉన్న ఇంటికి, బడికి, అంగన్‌వాడీకి ఇలాంటివి వెంటనే పెట్టాలి, ఆ విషయంలో వాదనే లేదు. కానీ ఆర్వో నైట్రేటును నాశనం చేయదు, పక్కకు నెడుతుంది. లోపలికి పోసిన నీటిలో సగం మంచినీరుగా వస్తే, మిగతా సగంలో నైట్రేటు దాదాపు రెట్టింపవుతుంది. ఆ నీటిని ప్లాంటు వెనక కాలువలోకి వదిలితే ఇంకి మళ్లీ అదే నూతికి చేరుతుంది. రెజిన్ అనే పూసల్లాంటి పదార్థంతో నైట్రేటును లాగే పద్ధతిలో ఉప్పునీరు మిగులుతుంది, దాన్ని ఎక్కడ పోయాలన్నది ఇంకో సమస్య. పైగా ఎంత నీటికని పెడతాం? మనిషి రోజుకు తాగేది రెండు మూడు లీటర్లు. కూరగాయల తోట ఎకరానికి తోడేది లక్షల లీటర్లు. పాడైన నీరంతా అక్కడుంది.

చెక్క పొట్టు నింపిన కందకాల గుండా నీటిని పంపి బాక్టీరియా చేత నైట్రేటును గాలిలోకి పంపించే పద్ధతి అమెరికాలో, న్యూజిలాండ్‌లో వాడుతున్నారు. పొలం నీరంతా ఒక గొట్టంలోకో ఒక వైపుకో చేరే చోట అది బాగుంటుంది. మన రాతి పగుళ్లలో నీరు ఏ వైపు పోతుందో ఎవరు చూశారు? గెడ్డ (వాగు) ఒడ్డున గడ్డి, చెట్లు ఉంచి పొలం నీటిని వడగట్టే పని మాత్రం ఇక్కడా చేయొచ్చు. ఆ ఒడ్లు కూడా దున్నేస్తున్నారు, అది వేరే బాధ.

నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించే పద్ధతి చాలా సాదాసీదాది. నీటిలో ఉన్న నైట్రేటు విషం అన్నది మనిషికి. పంటకు అది తిండి. 45 ఉన్న 20 లక్షల లీటర్ల నీటిలో ఒక బస్తా యూరియా నత్రజని ఉందని పైన లెక్క వేశాం. 90 ఉన్న బోరుతో ఎకరం తోటకు పంటకాలమంతా అదే 20 లక్షల లీటర్లు తోడి పెడితే, రెండు బస్తాల నత్రజని తడితో పాటే పొలానికి చేరినట్టు. రైతుకు ఆ సంగతి తెలియక, దాని మీద మళ్లీ పూర్తి మోతాదు వేస్తాడు. గోడ మీద ఆ 90 అంకె కనిపించి, దాని పక్కన "ఈ బోరుకు ఎకరానికి ఇన్ని కిలోలు తగ్గించండి" అని రాసి ఉంటే, ఆ బస్తాలు కొనక్కర్లేదు. ప్రతి తడికీ నూతిలోంచి కొంత నైట్రేటు పైకొస్తుంది, పంట తీసుకుంటుంది, కోతతో పాటు పొలం దాటి వెళ్లిపోతుంది. ఏ ప్లాంటూ లేకుండా మోటారే శుద్ధి చేస్తుంది. అమెరికాలోని నెబ్రాస్కాలో సెంట్రల్ ప్లాట్ అనే ప్రాంతంలో 1987 నుంచి నీటి పరీక్షా, నేల పరీక్షా తప్పనిసరి చేసి, సాగునీటిలోని నత్రజనిని ఎరువు లెక్కలో కలపమని రైతులకు నేర్పారు. అక్కడి భూగర్భ జలంలో నైట్రేటు నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది.

పంట నీటిలో ఉన్నదంతా పీల్చదు, కొంత మళ్లీ దిగుతుంది, కాబట్టి తగ్గింపు కొంచెం జాగ్రత్తగా మొదలుపెట్టాలి. ఆఖరి దశలో నత్రజని అక్కర్లేని పంటలకు ఈ నీళ్లు ఇబ్బందే. చెరకుకు చివర్లో నత్రజని ఎక్కువైతే బెల్లం సరిగ్గా కట్టదని అనకాపల్లి రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. డ్రిప్పు పెట్టి, ఎరువును కొద్దికొద్దిగా నీటితో ఇస్తే వేరు దాటి దిగేది బాగా తగ్గుతుంది. మా చిన్నాన్న కొంత మడిలో మోతాదు తగ్గించి చూశాడు. చామంతి రంగు మారలేదు. మిగతా మడికి మాత్రం "వచ్చే పంటకి చూద్దాం" అంటున్నాడు. ఆ భయం నాకు అర్థమవుతుంది. తేడా వస్తే నష్టపోయేది ఆయన ఒక్కడే.

ప్రకృతి వ్యవసాయం ఉంది కదా అంటారు. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా మన రాష్ట్రంలో జరుగుతున్న పనికి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది. ఆ గౌరవానికి ఆ పని తగినదే. రసాయన మందులు నీటిలోకి పోకుండా ఆపడానికి అంతకంటే సూటైన దారి లేదు. కానీ నైట్రేటుకు అది యూరియా నుంచి వచ్చిందా, గత్తం నుంచి వచ్చిందా అన్న తేడా లేదు. బండ్ల కొద్దీ గత్తం ఒకేసారి తోలి, పంట లేని నేల మీద వానకు వదిలేస్తే అదీ దిగుతుంది. కాబట్టి ఏ పద్ధతి అయినా నూతిలో అంకె చూసే నిర్ణయించాలి. ఏడాది పొడవునా నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉంచాలని ప్రకృతి వ్యవసాయం వాళ్లు చెప్పే మాట మాత్రం నీటి వైపు నుంచి చూస్తే బంగారం. వేళ్లు ఉన్నచోట నైట్రేటు నిలబడుతుంది.

ఇప్పుడు డబ్బు విషయం. విశాఖ నగరానికి తాగునీరిచ్చే వనరుల్లో తాటిపూడి, గోస్తని, మేఘాద్రిగెడ్డ, రైవాడ ఉన్నాయి. ఏలేరు కాలువ ఎంత తెచ్చినా వీటి అవసరం పోలేదు. మేఘాద్రిగెడ్డకు పెందుర్తి, సబ్బవరం, కొత్తవలస వైపు పొలాల మీదుగా నీరు చేరుతుంది. వానలు వెలిశాక గెడ్డల్లో పారేది చాలావరకు నేలలోంచి ఊరి వచ్చే నీరే. అంటే పొలం కింది నీటికీ, నగరం కుళాయికీ మధ్య మనం అనుకునేంత దూరం లేదు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైనప్పుడు మేఘాద్రిగెడ్డ నీటి గురించి నగరమంతా భయపడింది. ఆ భయం సబబే. ఫ్యాక్టరీ అయితే గేటు ఉంటుంది, గొట్టం ఉంటుంది, 1974 నీటి చట్టం కింద అనుమతి కాగితం ఉంటుంది, పట్టుకుని అడగొచ్చు. వేల పొలాల నుంచి చుక్కచుక్కగా దిగేదానికి గొట్టం లేదు. చట్టం చేయలేని చోట ఒప్పందం చేయాలి.

జర్మనీలోని మ్యూనిక్ నగరానికి నీళ్లు మాంగ్‌ఫాల్ లోయ నుంచి వస్తాయి. 1992లో ఆ నగర నీటి సంస్థ ఆ లోయ రైతులతో ఒప్పందం చేసుకుంది. రసాయనాలు మాని సేంద్రియ పద్ధతికి మారిన రైతుకు హెక్టారుకు ఇంత అని నగరమే డబ్బు కట్టింది. తర్వాత శుద్ధి చేయడం కంటే ముందే పాడుకాకుండా చూసుకోవడం చౌక అని వాళ్లు లెక్క వేసుకున్నారు. డెన్మార్క్ ఈ పని దేశం మొత్తం మీద చేసింది. 1980ల చివర్లో మొదలుపెట్టి, ఎరువుకు పరిమితులు పెట్టి, భూగర్భ జలాన్ని ఏటా కొలుస్తూ, పొలాల్లో మిగిలిపోయే నత్రజనిని దాదాపు సగానికి తగ్గించింది. భూగర్భంలో నైట్రేటు పెరగడం ఆగి దిగడం మొదలైంది.

నగరం డబ్బు రైతుకు ఎందుకివ్వాలి, పాడుచేసినవాడే కట్టాలి కదా అని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. చౌక కూర తిన్నవాళ్లమూ, చౌక యూరియాకు ఓటేసినవాళ్లమూ మనమే. పైగా రిస్కు తీసుకోమని అడుగుతున్నది చేతిలో అందరికంటే తక్కువున్న మనిషిని. ఆ రిస్కుకు ధర కట్టకుండా అవగాహన సదస్సులు ఎన్ని పెట్టినా మా చిన్నాన్న లాంటివాళ్లు సగం మడి దగ్గరే ఆగుతారు. ఇచ్చిన డబ్బుకు పని జరిగిందా లేదా అన్న అనుమానానికి జవాబు గోడ మీది అంకె. ఒక్కో రైతు ఎన్ని బస్తాలు వేశాడని వెంటపడక్కర్లేదు. ఊరి బోర్ల సగటు రెండు మూడేళ్లలో ఎంత దిగిందన్న దాన్ని బట్టి ఊరందరికీ కలిపి ఇస్తే, పక్క రైతు ఎక్కువ వేస్తుంటే అడిగేవాళ్లు ఊళ్లోనే ఉంటారు. లోతైన నీటిమట్టం ఉన్న దేశాల్లో ఫలితానికి దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది. మన నూతులు ఏటా వానకు నిండేవి కాబట్టి ఇక్కడ మార్పు అంతకంటే త్వరగా కనిపించాలి.

నగరపాలక సంస్థ ఇది మొత్తం జిల్లాలో ఒకేసారి మొదలుపెట్టక్కర్లేదు. మేఘాద్రిగెడ్డలోకి నేరుగా నీరు చేరే గెడ్డ ఒకటి ఎంచుకుని, దాని రెండు ఒడ్డుల ఊళ్లలో కూరగాయలు, పూలు పండే బోర్లకు నంబర్లు వేయాలి. యూనివర్సిటీలో, కాలేజీల్లో కెమిస్ట్రీ, జియాలజీ పిల్లలు ఉన్నారు, నీళ్లు పట్టడం, కొలవడం వాళ్లకు ప్రాజెక్టు అవుతుంది. ఊరి కిట్లు నేర్చుకున్న ఆడవాళ్లకు ప్రతి నమూనాకూ కూలి కట్టాలి. నీటి పన్నులో ఇంటికి నెలకు కొద్ది రూపాయలు దీనికని విడిగా పెడితే చాలు. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి తీసిన అంకెలు గోడ మీదకు ఎక్కాక, ఆ ఊళ్ల రైతులతో కూర్చుని మొదటి ఏడాది ఎన్ని బస్తాలు తగ్గించాలి, పంట తగ్గితే నగరం ఎంత కట్టాలి అన్నది అక్కడే రాసుకోవచ్చు.